తూనికకు నచ్చిన గుండె

భాద్రపదం, తొలివారం. మంచు: దట్టం. వల బాగా తడిసింది, బిందె నిండింది.

ప్రతి ఇల్లూ మంచు దినచర్య రాయాలని వార్డు ఆఫీసు నియమం. మంచు నీళ్ళు పట్టే వల ఎంత తడిసింది, బిందె నిండిందా, వెలితి పడిందా. ఆఫీసులో మొదటి వాక్యం తప్ప చదవరని నాకు తెలుసు. అలాగని మిగతా పేజీ ఖాళీగా వదిలేయడం చదువుకున్న మనిషికి సిగ్గుచేటు. కాబట్టి మొదటి వాక్యం ఆఫీసుది, మిగతాది నాది.

నేను హైమవతిని, రిటైరైన ఫిజిక్సు టీచర్ని. కింద పట్నం సముద్రంలోకి పోయాక ఈ కొండకి వచ్చి, పై మెట్ట, నడి మెట్ట, అడుగు మెట్ట అని మూడు వరసలుగా ఇళ్ళు కట్టుకున్నవాళ్ళలో మేమూ ఉన్నాం. మాది నడి మెట్ట. ఇంట్లో ఇద్దరమే. నేనూ, నా మనవరాలు తరళా. అది కూడా టీచరే. ఆ రోగం మా వంశంలో ఉంది.

పొద్దున్నే వల పిండి, బిందె చంకనెత్తుకుని మెట్లెక్కాను. సగంలో కూలబడ్డాను. నా పేస్‌మేకర్ పాత రకం, ఎవరి ఛాతీలోంచో తీసి శుభ్రం చేసి నాకు పెట్టారు. మెట్లెక్కితే అందరి గుండెలూ పరిగెత్తుతాయి. నాది గుమాస్తాలా ఒకే నడక. కోపం వచ్చినా అంతే. మనిషి తిడుతున్నప్పుడు గుండె కూడా కాస్త సహకరించాలి కదా, అదీ లేదు.

తరళ బడినుంచి వచ్చి చోడంబలి తాగి మాట్లాడకుండా కూర్చుంది. "ఏమే, నోట్లో ముత్యాలు దాచుకున్నావా?" అన్నాను. నవ్వింది. నవ్వు కూడా బొంగురుగానే వచ్చింది.


భాద్రపదం, వినాయక చవితి మర్నాడు. మంచు: ఓ మోస్తరు.

తరళ తరగతిని బడిలో మౌన తరగతి అంటారు. అంతకన్నా అబద్ధపు పేరు నేను వినలేదు. ఆ గదిలోంచి వచ్చే ఏడుపు ఎదురు కొండకి వినిపిస్తుంది.

వాళ్ళు అడుగు మెట్ట పిల్లలు. ఈ కాలంలో పుట్టిన ప్రతి బిడ్డ చెవిలోనూ చెవితోడు పెడతారు. అది బిడ్డతో మాట్లాడుతుంది, పాడుతుంది, పేరు పెట్టి పిలుస్తుంది, నిద్ర పుచ్చుతుంది. అమ్మలు పనికి పోవాలి కదా. అడుగు మెట్టవాళ్ళ చెవితోడులన్నీ సముద్రంలో మిగిలిన ఒక పాత టవరు మీద ఆధారపడి ఉండేవి. కిందటేడు తుఫానుకి ఆ టవరు పడిపోయింది. ఒక్క క్షణంలో ఆ పిల్లలందరి చెవుల్లోనూ మాట ఆగిపోయింది. పై మెట్టకి వేరే టవరుంది. వాళ్ళ పిల్లల చెవుల్లో ఇప్పటికీ ఎవరో ముద్దుగా మాట్లాడుతూనే ఉన్నారు.

పుట్టాక ఒక్క నిమిషం నిశ్శబ్దం తెలియని పిల్లలు. పాఠం మధ్యలో గది కాస్త నెమ్మదించిందో, రెండు చేతులతో చెవులు బాదుకుంటారు. కొరుకుతారు. గోడకి తల కొట్టుకుంటారు. తరళ చేసేదేమిటంటే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా బెంచీల మధ్య తిరుగుతూ, ఒక్కొక్కరి చెవి దగ్గరా వంగి ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటుంది. ఎక్కాలు, కొండ పేర్లు, వాళ్ళ పేర్లు. దాని మాట వినపడుతున్నంతసేపూ వాళ్ళు మనుషుల్లా కూర్చుంటారు.

నిరుటినుంచి ప్రతి పంపకంలోనూ ఆ తరగతి దానికే వస్తోంది. దీన్ని న్యాయం అంటారు.


ఆశ్వయుజం, దసరా ముందు. మంచు: పలచన.

హెడ్మాస్టరు కోదండపాణి కాఫీకి వచ్చాడు. నా దగ్గరే చదువుకున్నాడు. ఈ కొండ మీద దేనికి కరువొచ్చినా కాఫీ గింజకి రాలేదు, అందుకని మా ఇంటికి వచ్చేవాళ్ళు తగ్గరు.

"మీ మనవరాలిది ఎంత నిబ్బరమైన గుండె, మేడమ్! తూనిక ప్రతిసారీ అదే చెబుతోంది" అన్నాడు.

"నిబ్బరం కాదు నాయనా, పెంపకం. ఏడుపొస్తే ఇంటికొచ్చి ఏడవమని నేర్పాను. అది నా పొరపాటు" అన్నాను.

తూనిక అంటే బళ్ళో తరగతులు పంచే యంత్రం. మా రోజుల్లో హెడ్మాస్టర్లే పంచేవాళ్ళు. తమవాళ్ళకి 'ఎ' సెక్షను, కొత్తగా వచ్చినవాళ్ళకీ, ఎదురు చెప్పినవాళ్ళకీ 'ఇ' సెక్షను. నేను సర్వీసంతా 'ఇ' సెక్షనే. ఆ గొడవలు పడలేక తూనికని తెచ్చారు. టెర్ముకోసారి తూకం వారం వస్తుంది. టీచర్లందరూ చేతికి నాడికట్టు కట్టుకుని అన్ని తరగతుల్లోనూ తలా ఒక పీరియడు కూర్చుంటారు. ఏ తరగతి ఎవరి నాడిని తక్కువ కదిలిస్తుందో అది వాళ్ళకే. బరువు మోయగలిగినవాళ్ళకే బరువు. వినడానికి ఎంత బావుందో!

"అయితే మోస్తున్నన్నాళ్ళూ దానికే ఇస్తారన్నమాట" అన్నాను.

"నేనిచ్చేదేముందండీ? తూనిక ఇస్తుంది."

"దాని గొంతు విన్నావా ఈమధ్య?"

కోదండపాణి కప్పు కింద పెట్టాడు. "నాడికట్టు గొంతు చూడదు మేడమ్" అన్నాడు, అది వాతావరణ సమాచారమైనట్టు.


ఆశ్వయుజం, చివర. మంచు: లేదు. బిందె వెలితి.

దవాఖానాకి తీసుకెళ్ళాను. డాక్టరు తరళ గొంతులోకి దీపం వేసి చూశాడు. స్వరతంతువుల మీద కాయలు కాశాయట, ఒకటి చిట్లి నెత్తురు కారిందట. ఒక టెర్మంతా మాట్లాడకూడదు, గుసగుస కూడా పనికిరాదు. ఇలాగే ఇంకో టెర్ము లాగితే గొంతు మళ్ళీ రాదు. ఆ మాట ఆయన రెండుసార్లు చెప్పాడు. మొదటిసారి దానికి, రెండోసారి నాకు.

దారిలో తరళ పలక తీసి రాసింది: "పిల్లలకి ఎవరు చెబుతారు?"

వచ్చే తూకం వారం కార్తీకంలో, దీపావళి సెలవులయ్యాక. ఈలోగా నేను చెయ్యాల్సిన పని ఒకటుంది. నా మనవరాలికి బెదిరిపోవడం నేర్పాలి.


కార్తీకం, మొదటి సోమవారం. మంచు: దట్టం.

నేర్చుకోవడానికి పక్కింటి ఎస్తేరు దగ్గరికి వెళ్ళాను. ఎస్తేరు టీచరు బళ్ళో అందరికన్నా సీనియరు, మనిషి భారీ, నవ్వు అంతకన్నా భారీ. అన్ని పంపకాల్లోనూ పై మెట్ట పిల్లల తరగతి కొట్టేసిన ఘనురాలు. నేను సంగతి చెప్పగానే తలుపు వేసి వచ్చింది.

"ఓలమ్మ! ఇన్నాళ్ళకి అడిగినారా మామ్మగారూ? మీ గుంట తరళకి నాను ఎప్పుడో సెప్పినాను, ఇంటేనా! సూడండి. మౌన తరగతికి ఎల్లే ముందు డికాషను పాలు లేకుండా గట్టిగా రెండు గ్లాసులు. ఆ మీద అడుగు మెట్ట దాకా దిగి, పరుగున ఎక్కీయాలి. ఎక్కీసి నేరుగా కుర్చీలో కూకోవాలి. నాడి తాడు తెంపుకున్న దూడలాగ ఉంటాది."

"అందరూ ఇంతేనా?"

"మరేటనుకున్నారు? ఆ లెక్కల మాస్టారు పచ్చిమిరపకాయ నమిలీసి ఎల్తాడు. డ్రాయింగు టీచరైతే వాళ్ళ అత్తగారిని తలుసుకుంటాదంట. అదే మా బాగా పని సేత్తాదంట."

చాలా రోజుల తర్వాత కడుపారా నవ్వాను. తర్వాత ఇంటికొచ్చి ఆలోచిస్తే నవ్వు పోయింది. బడిమొత్తం మెట్ల మీద పరిగెడుతుంటే, పరిగెత్తని ఒక్క పిల్ల మీద ఈ తూనిక నిలబడి ఉంది.

తరళ ఒప్పుకోలేదు. పలక మీద "మోసం" అని రాసింది. అక్షరాలు గుండ్రంగా, ముచ్చటగా ఉన్నాయి.

"మోసమే. కానీ ఒకటి చెప్పు. టెర్ము మధ్యలో నీ గొంతు తెగిపోతే ఏమవుతుంది? చెవితోడు పోయినట్టే నువ్వూ పోతావు. ఆ పిల్లలు అదే దెబ్బ రెండోసారి తినాలి. ఇప్పుడే దిగిపో. ఎవరికిచ్చినా, గొంతున్న మనిషికి ఇస్తారు" అన్నాను.

 తరళ ఆ అక్షరాల్ని చెంగుతో తుడిచేసింది.


కార్తీకం, తూకం వారం. మంచు: దట్టం.

డికాషను నేనే కాచాను. తరళ తాగి, దిగి, ఎక్కింది. దాని నాడి ఎగిసిందని సాయంత్రం తెలిసింది. పంపకంలో దానికి చేతిపనుల తరగతి వచ్చింది. కత్తెర్లు, జిగురు. మాట్లాడనక్కర్లేదు. ఈ ఇంట్లో ఇవాళ పాయసం వండాను.

మౌన తరగతి ఎస్తేరుకి పడింది.

తనే వచ్చి చెప్పింది, గుమ్మంలో నిలబడి. "డికాషను తాగినాను మామ్మగారూ, మెట్లూ ఎక్కినాను. అలవాటైన పనే కదా! కట్టు సూత్తే నాడి కదలదు. కొయ్యలాగ ఉన్నాది. ఏటయిపోనాదో తెలీదు."

నాకు వెంటనే తెలిసింది. "కొత్తగా మందులేమైనా వాడుతున్నావా?"

"బీపీ మాత్ర ఒకటి ఇచ్చినారు, శ్రావణంలో. ఎందుకు?"

ఆ రకం మాత్రలు కొన్ని గుండె వేగాన్ని పట్టి ఉంచుతాయి. రోగం వల్ల వేసుకున్న మాత్రని తూనిక నిబ్బరం అనుకుంది. కోదండపాణికి కబురు పెట్టాను. పంపకం అయిపోయాక మార్చే అధికారం తనకి లేదని, వచ్చే టెర్ములో చూద్దామని జవాబొచ్చింది.

ఎస్తేరే నన్ను ఊరుకోబెట్టింది. "ఊరుకోండి. మీ గుంట ఇన్నాళ్ళు మోసినాది. నాను ఒక్క టెర్ము మొయ్యలేనా?"

పాయసం ఒక గిన్నెలో పోసి ఇచ్చాను. అంతకన్నా ఏం ఇవ్వాలో తోచలేదు.


మార్గశిరం. మంచు: దట్టం.

ఎస్తేరు ఇంటి గోడలోంచి దగ్గు వినిపిస్తోంది. తరళ రోజూ వెళ్ళి పలక మీద పిల్లల గుణాలు రాసి చూపిస్తోంది. నూకాలు అనే పిల్లకి పేరు మూడు మాటలకోసారి వినపడాలి. కిటికీ పక్కవాడికి అంకెలంటే ఇష్టం. ఎస్తేరు తల ఊపుతుంది గానీ అన్ని చెవుల దగ్గరా వంగడానికి ఆమె నడుము సహకరించదు. చేతి మీద పంటిగాట్లు ఉన్నాయి. నవ్వు తగ్గింది.


మార్గశిరం, పౌర్ణమి మర్నాడు. మంచు చూడలేదు.

నిన్న ఎస్తేరు తరగతిలో పడిపోయింది.

కుడి పక్క చచ్చుబడి, మాట పోయి, నేల మీద ఎంతసేపుందో ఎవరూ చెప్పలేకపోయారు. ఎందుకంటే ఆ గదిలోంచి అరుపులు రాలేదు. అరుపులు రాకపోయేసరికి ఇవాళ బాగానే నడుస్తోందనుకున్నారట పక్క గదుల్లోవాళ్ళు. బడి వదిలే గంట కొట్టాక ఆయా తలుపు తీసింది. పిల్లలందరూ ఆమె చుట్టూ కూర్చుని ఉన్నారు. నూకాలు ఆమె చెవి దగ్గర వంగి, గొంతు తగ్గించి చెబుతోంది: "ఎస్తేరు టీచరూ, ఎస్తేరు టీచరూ, రెండొకట్ల రెండు. ఎస్తేరు టీచరూ, రెండ్రెళ్ళు నాలుగు."

తెల్లవారాక దవాఖానాలో పోయింది.

తరళ గోడవైపు తిరిగి పడుకుంది. మోసం చేసింది అది కాదు, చేయించింది నేను. డికాషను కాచిన గిన్నె ఇంకా తోమలేదు.


మార్గశిరం, బహుళం. మంచు: పలచన.

ఖాళీ అయిన తరగతిని తూనిక తనంతట తనే మళ్ళీ పంచుతుంది. ఈ తూకంలో లెక్క ఎగిసినా, పాత టెర్ములన్నీ కలుపుకుంటే ఎస్తేరు తర్వాత నిబ్బరమైన గుండె తరళదేనట. పొద్దున ఉత్తర్వు వచ్చింది. అది చదివి, జడ వేసుకుని, చెప్పులు తొడుక్కుంది.

"ఏ గొంతుతో వెళ్తావే?" అన్నాను.

పలక చూపించింది. "ఉన్నదానితో."

చెప్పులు తీయించి, నేను బయల్దేరాను. బడి పై మెట్టకి దగ్గర. మధ్యలో ఎన్నిసార్లు కూర్చున్నానో రాయను.

కోదండపాణి లేచి నిలబడ్డాడు. "మేడమ్, మీరెందుకొచ్చారు, కబురు చేస్తే..."

"కబుర్లకి నువ్వేం జవాబిస్తావో తెలిసింది. విను. ఆ పిల్లల్ని పంచెయ్యి. టీచరుకి ఇద్దరు ముగ్గురేసి. ప్రతి గదిలోనూ ఎలాగూ పాఠం వినపడుతూ ఉంటుంది. అందరూ తలా కాస్త మోస్తారు."

"పై మెట్ట తల్లిదండ్రులు ఒప్పుకోరండి. ఆ ఏడుపు మా పిల్లలకీ అంటుకుంటుందంటారు. అసలు ఇలా పంచిందెవరని అడుగుతారు. నేనని చెప్పాలి."

"చెప్పు."

వాడు కిటికీలోంచి బయటికి చూశాడు. "ఆ మాట చెప్పక్కర్లేకుండా ఉండటానికే కదా మేడమ్, తూనికని తెచ్చుకున్నది."

నా క్లాసులో వీడు మొదటి బెంచీ. మార్కులు కూడా బాగానే వేశాను. దానికి ఇప్పుడేం చేస్తాం?

"టీచర్లు తక్కువ పడితే రిటైరైనవాళ్ళని పిలవచ్చని మీ నియమాల్లో ఉంది. ఆ కట్టు ఇలా తే" అన్నాను.

వాడికి అర్థమైంది. నా పేస్‌మేకరు సంగతి ఊరందరికీ తెలుసు. "మేడమ్, అది మీ గుండె కాదు. యంత్రం."

"నీ తూనికా యంత్రమే కదా. రెండింటినీ మాట్లాడుకోనీ."

కట్టు కట్టుకుని మౌన తరగతిలో ఒక పీరియడు కూర్చున్నాను. ఒకడు నా చీర కొంగు చింపాడు. ఒకతె నా కళ్ళజోడు కిటికీలోంచి విసిరింది. నాకు భయం వేసింది, అబద్ధమెందుకు, ఒళ్ళంతా చెమట పట్టింది. గుండె మాత్రం గుమాస్తాలా తన ఫైళ్ళు తను తిరగేసుకుంటోంది. తూనిక మీద గీత నున్నగా, బల్ల చెక్కలా వచ్చింది. బడి చరిత్రలో ఇంత నిబ్బరమైన గుండె లేదట.

కోదండపాణి ఆపగలిగేవాడే. ఉత్తర్వు మీద సంతకం పెడుతున్నప్పుడు వాడి ముఖంలో కనిపించింది జాలి కాదు, ఊపిరి పీల్చుకోవడం. దాన్ని నేను గుర్తు పెట్టుకుంటాను.


పుష్యం. మంచు: దట్టం. తరళ పిండింది.

నాకు ముద్దు మాటలు రావు. చెవి దగ్గర వంగి నాకు వచ్చిందే చెబుతున్నాను. "ముక్కు తుడుచుకో, నాయనా, దేశానికి మంచిది." "ఏడుకి ఎనిమిది కలిపితే పద్నాలుగా? మీ ఇంట్లో అంతేనా? మా ఇంట్లో పదిహేను." చెవితోడు వాళ్ళని ఎప్పుడూ తిట్టలేదు. ఆశ్చర్యంతో కాసేపు ఏడుపు మానేస్తున్నారు. మధ్యాహ్నానికి నా ఊపిరి అయిపోతుంది, కుర్చీలో కూర్చుండిపోతాను. అప్పుడు మళ్ళీ మొదలవుతుంది.

నిన్న అలాగే కూలబడితే, నూకాలు వచ్చి నా ఛాతీ మీద చెవి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"మామ్మ టీచరూ, నీ లోపల సెవితోడు ఉన్నాదేటి?"

"మాట్లాడదే అది. ఊరికే కొట్టుకుంటుంది."

"ఆగకుండా కొట్టుకుంటాదే!" అని మిగతావాళ్ళని పిలిచింది. వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరూ వచ్చి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, వెనకవాళ్ళు తోస్తే లేచారు. నా జీవితంలో నా ఫిజిక్సు పాఠాన్ని ఎవరూ ఇంత శ్రద్ధగా వినలేదు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు కూడా అరవలేదు, తమ వంతు కోసం చూస్తున్నారు.

చివర నూకాలు మళ్ళీ వచ్చింది. "ఇది ఆగిపోదు కదా?"

కిందటి దీపావళికే డాక్టరు చెప్పాడు. దీని బ్యాటరీ ఇప్పుడెక్కడా దొరకదు, ఉన్నన్నాళ్ళు ఉంటుంది. పిల్లలకి తప్పు చెప్పే అలవాటు నాకు లేదు.

"ఆగుతుంది" అన్నాను.

గది బిగుసుకుపోయింది. ఎవరో చెవుల మీదికి చేతులు తీసుకెళ్ళారు. నూకాలు నన్ను కోపంగా చూసింది. "అయితే ముందు సెప్పాలి. సెవితోడు సెప్పకుండా ఎల్లిపోనాది."

వాళ్ళతో ఎవరూ ఇది మాట్లాడలేదని అప్పుడు తెలిసింది నాకు. తరళ కూడా. ఇన్నాళ్ళూ అందరం ఆ నిశ్శబ్దాన్ని పూడ్చడంలోనే మునిగిపోయాం.


పుష్యం, చివర. మంచు: దట్టం. తరళ పిండింది. బిందె నిండింది.

తూనిక నుంచి చీటీ వచ్చింది. నా నాడిలో ఏ శ్రమా కనిపించడం లేదట, నా మీద ఇంకా చాలా ఖాళీ ఉందట. వచ్చే పంపకంలో రెండో తరగతి కూడా నాకేనట. కోదండపాణి అభినందనలు రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితంతో పొయ్యి రాజేశాను, అంబలి బాగా ఉడికింది.

తరళ గొంతు మెల్లగా కూడుకుంటోంది. నిన్న "అమ్మమ్మా" అంది, ఒక్కసారే. చాలు. నేనున్నన్నాళ్ళూ దాని గొంతు జోలికి ఎవరూ రారు. ఆ తర్వాత ఏమవుతుందో నాకూ తెలుసు, దానికీ తెలుసు. మాట్లాడుకోం.

బళ్ళో మాత్రం హాజరు ఇప్పుడు నేను తీసుకోవడం లేదు. రోజూ పొద్దున నూకాలు నా కుర్చీ ఎక్కి నిలబడి పిలుస్తుంది.

"ఎస్తేరు టీచరు?"

ఎవరూ పలకరు. పలకరని అందరికీ తెలుసు. మొదటిరోజు సగంమంది చెవులు బాదుకున్నారు. ఇవాళ ఎవరూ చేతులెత్తలేదు. ఆ ఖాళీ పూర్తయ్యేదాకా కూర్చుని ఆగారు.

"తరళ టీచరు?"

"ఇంటికాడున్నాది!" అని అందరూ అరుస్తారు.

"మామ్మ టీచరు?"

అని నా వైపు చూస్తారు. చెవులు రిక్కించి, ఊపిరి బిగబట్టి. నేను కావాలనే కాస్త ఆలస్యం చేస్తాను. రోజూ కొంచెం ఎక్కువ.

"ఉన్నాను" అంటాను.